ముడి తెలిసిన చేతులు

"పోతవా, పోవా? అదొక్కటి చెప్పు ముందుగాల."

పొద్దుటి నుంచి ఖాజా మొహినుద్దీన్ ఇదే మాట అడుగుతున్నాడు. ఫాతిమా బేగం తలెత్తలేదు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నిజానికి చుట్టాల్సిన నూలు ఎప్పుడో అయిపోయింది. చుట్టిన కండెనే విప్పి మళ్లీ చుడుతోంది. ఖాజా ఆ సంగతి చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

"నాలుగు గంటలకు మీటింగ్. ఎస్‌ఐ సారు సొంతంగ ఫోన్ చేసి చెప్పిండు. శాలువా కప్పుతరట. మన కాశిబుగ్గ బస్తీల ఏ ఆడమనిషికన్న కప్పిన్రా ఇయ్యాల్టిదాంక?"

"నాకొద్దా శాలువా."

"వద్దంటె ఎందుకు వద్దని అడుగుతరు. అప్పుడేం చెప్తవ్?"

"ఉన్నది చెప్త."

ఖాజా గబుక్కున లేచి వీధి తలుపు దగ్గరకు వేశాడు. ఎడమ భుజం నొప్పికి మొహం చిట్లించాడు. ఆ భుజమే ఆయన్ను మగ్గం మీద నుంచి లేపింది. అప్పటి నుంచి ఇంట్లో గొంతు పెద్దదైంది కానీ ఆ గొంతుకు బలం తగ్గింది.

"మెల్లగ మాట్లాడు. పైన ఆ పిల్ల ఉన్నది."

పైన ఆ పిల్ల ఉందని ఫాతిమాకు చెప్పాల్సిన పని లేదు. రోజూ ఈ వేళకు పై గదిలో ఎండిన మోదుగాకులు గలగలమంటూ ఉంటాయి. అద్దెకుంటున్న వినోద విస్తర్లు కుడుతుంటే ఆ చప్పుడు కింద మగ్గం చప్పుడుతో కలిసిపోయి, రెండూ ఒక ఇంటి చప్పుళ్లే అనిపించేవి. ఈరోజు పైన చప్పుడు లేదు. పొద్దున్నే పోలీసులు వచ్చి వెనక పాత షెడ్డులో వాళ్లు నిల్వ పెట్టుకున్న ఆకుల సంచులన్నీ తిరగేసి, ఒక సంచిలో గంజాయి పొట్లం దొరికిందని ఆమె మొగుడు హరికృష్ణను జీపెక్కించుకుపోయిన దగ్గర్నుంచీ లేదు.

"నువ్వేం తప్పు చేసినవని గింత ఫికర్?" ఖాజా ఈసారి గొంతు తగ్గించి అన్నాడు. "అందరం కూసోని అనుకున్న మాటే కద నువ్వు చెప్పింది."

అదే కదా అసలు సంగతి. ఆ బస్తీలో పాత అలవాటొకటి ఉంది. ఏ పెద్ద మీటింగున్నా ముందురోజు సాయంత్రం నేత సంఘం పెద్ద ఎల్లస్వామి వాకిట్లో నలుగురూ కూర్చుని ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఒక మాట అనుకుంటారు. ఆ తర్వాత ఎవరి నోట వచ్చినా ఆ మాటే రావాలి. కరెంటోళ్లు వచ్చినా, ఓట్లవాళ్లు వచ్చినా ఇదే పద్ధతి. ఈ పద్ధతి వల్లే ఇన్నేళ్లుగా ఒక గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్ల మధ్య పోలీసు కేసన్నది లేకుండా బతికారు.

పోయిన వారం కొత్త ఎస్‌ఐ వచ్చి, "మీ బస్తీలో పోలీసులు ముందుగా ఏ పని మీద దృష్టి పెట్టాలో మా అంతట మేం అనుకోవడం కాదు, మీరే చెప్పాలి" అన్నాడు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు. జనం కూడా మనస్ఫూర్తిగానే సంతోషించారు. వీధి లైట్లు, రాత్రిళ్లు బండ్ల రేసులు, కల్లు దుకాణం దగ్గర గొడవలు... ఎన్ని చెప్పినా అందరి గుండెల్లో ఉన్నది గంజాయే. కానీ గంజాయి అంటే ఆ షెడ్డులో కూర్చునేది ఎవరి పిల్లలన్న ప్రశ్న వస్తుంది. కూర్చునేది అందరి పిల్లలూను. అందుకని మీటింగ్ ముందురోజు ఎల్లస్వామి వాకిట్లో ఒక మాట అనుకున్నారు. గంజాయి ఉందని చెప్పాలి, తాగేది మాత్రం బయటి నుంచి వచ్చేవాళ్లని చెప్పాలి. ఏ ఇంటి పేరూ రాకూడదు. ఒకరి పరువు ఒకరు కాపాడుకోవడం వాళ్లకు తెలిసిన మర్యాద. ఆ మర్యాదలో ఎవరైనా నలిగిపోతారని ఒక్కరికీ తోచలేదు.

చెప్పే పని ఫాతిమా మీద పెట్టారు. ఆమె బెదరకుండా మాట్లాడుతుంది, పైగా ఆడమనిషి చెబితే సారు వింటాడని. మీటింగ్‌లో ఫాతిమా లేచి చెప్పింది. ఇది ముందు చూడాలన్న వాళ్లు చేతులెత్తండని ఎస్‌ఐ అడిగితే సంఘం హాలంతా చేతులే.

అక్కడితో ఆగినా బాగుండేది. "బయటి నుంచి వచ్చి ఇక్కడ అద్దెకుంటున్న వాళ్లెవరైనా ఉన్నారా?" అని ఎస్‌ఐ అడిగాడు. వెనక నుంచి ఎవరో, "ఫాతిమక్క ఇంటి మీదున్నరు సార్. ఏటూరునాగారం నుంచి సంచులు తెస్తాండు" అన్నారు. ఎస్‌ఐ ఫాతిమా వైపు చూశాడు. ఆమె "ఉన్నరు సార్" అంది. మంచోళ్లు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర నిలబడ్డ కొడుకు రయీస్ మొహం కనబడింది. వీళ్లు మంచోళ్లయితే మరి ఎవరు అని అడుగుతారు కదా! ఆ మాట మింగేసింది.



*

తలుపు మెల్లగా తట్టిన చప్పుడైంది. ఖాజా తీశాడు. వినోద రెండు చేతుల నిండా దొన్నెల కట్టలు పట్టుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. తల మాత్రం శుభ్రంగా దువ్వుకుంది.

"అమ్మా, ఇవి మీటింగ్‌కు. బజ్జీలు పెట్టేటందుకని ఎల్లస్వామి బాపు మొన్ననే చెప్పిండు."

"ఇయ్యాల కూడ కుట్టినవా బిడ్డా?"

"నిన్ననే అయిపోయినయ్. మాటిచ్చినంక ఇయ్యకపోతే మంచిగుండది కద."

కట్టలు గట్టు మీద పెట్టింది. ఒక్కో కట్టకూ మెరూన్ రంగు నూలుపోగు చుట్టి, పైన వదులుగా జారుముడి వేసి ఉంది. ఒక కొస లాగితే ఊడిపోయే ముడి. ఆ పోగులు ఫాతిమా ఇచ్చినవే. నేసిన దరీని, అంటే జంపఖానాను, మగ్గం మీంచి కోసి దించినప్పుడు మిగిలే నూలు ముక్కలు పారేయబుద్ధి కాక ఆ పిల్లకిస్తుంది.

"అమ్మా, స్టేషన్ కాడికి పోయొచ్చిన." వినోద చెంగు కొస వేలికి చుట్టుకుంటూ అంది. "ఎస్‌ఐ సారు మంచిగనే మాట్లాడిండు. తిట్టలే. రేపు పొద్దుగాల కోర్టుకు తీస్కపోతరట. ఆలోపు బస్తీల ఎవలన్న ఒక్కరొచ్చి, ఆ షెడ్డుల వేరేటోళ్లు కూసుంటరు, ఈ పిలగాడు అసొంటోడు కాదు అని సాక్షంతోని చెప్తే మళ్లొకసారి చూస్తనన్నడు. మీకు శాలువా కప్పుతరట కద. మైకు మీ చేతులనే ఉంటది. ఒక్కమాట చెప్పున్రి అమ్మా. మీ మాటంటే సారుకు గురి."

ఖాజా గోడ వైపు తిరిగాడు.

"నువ్వేం రంధి పెట్టుకోకు. నేను చెప్త" అంది ఫాతిమా.

"నాకెర్కనే అమ్మా. అందుకే ఇంకెవల కాడికీ పోలే."

ఆ పిల్లకు తెలియదు. పోయిన వారం హాల్లో "ఉన్నరు సార్" అన్నదెవరో, తర్వాతి మాట మింగిందెవరో తెలియదు. తెలియకుండానే వచ్చి, ఈ బస్తీలో తనకున్న ఒకే దిక్కు ఈ గుమ్మమని నిలబడింది. ఫాతిమాకు ఒక్కసారిగా ఆ పిల్ల కాళ్ల ముందు కూలబడి ఏడవాలనిపించింది. కూలబడలేదు. "తిన్నవా?" అని అడిగింది.

వినోద తల అడ్డంగా ఊపి మెట్లెక్కి వెళ్లిపోయింది.

"చెప్తనంటివి!" తలుపు వేస్తూనే ఖాజా మండిపడ్డాడు. "ఏం చెప్తవ్? ఆ షెడ్డుల కూసునేది నా కొడుకే అని చెప్తవా?"

"కూసునుడు వేరు రయీస్ అబ్బాజాన్. పొట్లం వేరు. పొట్లం మనోనిది కాకపోవచ్చు."

"అడిగినవా వాణ్ని?"

ఫాతిమా రాట్నాన్ని పక్కకు నెట్టింది. అడగడానికి భయపడి పొద్దుటి నుంచీ ఆ కండె విప్పుతూ చుడుతూ కూర్చుంది మరి!

*

మగ్గం ఇంటి వెనక పొడుగాటి రేకుల గదిలో ఉంది. పెద్ద దరీలు నేసే మగ్గం, ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే తప్ప నడవదు. అడ్డపోగుతో ఒకరు విసిరిన నాడె రెండోవాళ్లు అందుకుని తిప్పి పంపాలి. ఖాజా, పక్క సందు సారంగపాణి ఇద్దరూ కుర్రతనం నుంచీ ఆ మగ్గం ముందున్న చెక్క పలక మీదే కూర్చున్నారు. ఖాజా భుజం పోయాక ఎడమపక్క చోటు రయీస్‌ది అయింది. బస్తీలో ఆ వయసు పిల్లాడు మగ్గమెక్కడం అరుదు కాబట్టి సారంగపాణికి వాడంటే ముద్దు. కాస్త గర్వం కూడా.

ఫాతిమా వెళ్లేసరికి ఇద్దరూ నేస్తున్నారు. మెరూన్ పట్టీ పడుతోంది.

"రయీస్, లెవ్వు. బయటికి రా."

నాడె ఆగింది. రయీస్ తల్లి మొహం చూసి, మళ్లీ దరీ మీదికి చూపు దించాడు.

"ఏమున్నా ఈడనే అడుగు చెల్లె" అన్నాడు సారంగపాణి. "నాకెర్కలేనిదేం గాదు."

ఆ మాటతోనే ఫాతిమాకు సగం తెలిసిపోయింది. అయినా అడిగింది. "ఆ పొట్లం నీదా?"

గదిలో పైరేకులు ఎండకు టక్కుమన్నాయి. రయీస్ ఒక్క గుక్కలో మొదలుపెట్టాడు.

"అమ్మీ, నిన్న పొద్దుమూకినంక జీపు గల్లీల తిరుగుతాంటె భయమైంది. జేబుల ఉంటె దొరుకుతనని అక్కడున్న సంచిల పెట్టిన. తెల్లారి తీస్కుందామనుకున్న. హరన్న మీదికి పోవాలని పెట్టలే అమ్మీ. అల్లా కసం. పొద్దున పోయి చూసెటాల్లకే పోలీసోళ్లు..."

"పోలీసోళ్లు ఆయన్ను గుంజుకపోతాంటె ఏడున్నవ్?"

"ఈడనే."

"ఈడ కూసోని నేస్తానవా?"

రయీస్ పెదవి వణుకుతోంది. చిన్నప్పుడు పలక పగలగొట్టి ఇంటికి వచ్చినప్పుడూ ఇలాగే వణికేది. ఫాతిమాకు వాణ్ని చాచి కొట్టాలనీ ఉంది, కొంగులో దాచుకోవాలనీ ఉంది. తల్లి ప్రాణం ఎంత సిగ్గులేనిదో ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది.

"పా. ఇద్దరం పోదాం. నేను పక్కన నిలవడ్త. నువ్వే సారుకు చెప్పు."

"నన్ను లోపలేస్తరమ్మీ!"

"ఆయన్ని వేసిన్రు కద! ఆయన లోపల లేడా?"

సారంగపాణి పలక మీద నుంచి లేవకుండానే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయన మాట్లాడే ముందు ఎప్పుడూ చేసే పనే అది.

"చెల్లె, జర నిమ్మలంగ ఆలోచించు. రయీస్ ఒక్కడే కూసున్నడా ఆ షెడ్డుల? స్టేషన్ల రెండు దెబ్బలు తగిలితె మా చిన్నోని పేరు చెప్పడా? ఎల్లస్వామి మనుమని పేరు చెప్పడా? ఈ గల్లీల ఎన్ని ఇండ్లు ఆగమైతయో లెక్క కట్టినవా?"

"మరి వినోద ఆగమైతె?"

"వకీలును పెట్టిద్దాం. తలా ఇంత ఏసుకుంటం. ఆర్నెల్లకో ఏడాదికో బయటికొస్తడు. బయటోడు, ఊరు మారితె ఎవలికి యాదికుంటది? మన పోరగాళ్లు ఏడికి పోతరు?" చెడ్డవాడు కాదు సారంగపాణి. చెడ్డవాడైతే ఫాతిమాకు తిట్టడానికైనా వీలుండేది. "ఈ మగ్గం సంగతి నీకు తెల్వనిదా? ఒకడు లేస్తె ఇద్దరు లేసినట్టే. మీ పొయ్యి, మా పొయ్యి, రెండూ దీని మీదనే."

"ఆ పిల్ల పొయ్యి అన్నా?"

సారంగపాణి దరీ వైపు చూసి, నాడెను ఎడమకు విసిరాడు. రయీస్ చెయ్యి అలవాటు కొద్దీ దాన్ని అందుకుంది.

సరిగ్గా అప్పుడే పోగు తెగింది. రయీస్ చూడకుండానే రెండు కొసలు పట్టుకుని, బొటనవేలు చుట్టూ తిప్పి, నొక్కి, పళ్లతో కొసలు కొరికేశాడు. ముడి బియ్యపు గింజంత కూడా లేదు. వాడికి ఆ ముడి నేర్పింది ఫాతిమాయే.

*

సంఘం హాల్లో కుర్చీలు చాలక గోడ వెంట కూడా జనం నిలబడ్డారు. ఫాతిమా ముందు వరుసలో, యాకమ్మ పక్కన కూర్చుంది. యాకమ్మ సారంగపాణి భార్య. పెళ్లి నాటి నుంచీ ఇద్దరికీ ఒకే బావి నీళ్లు, ఒకే కష్టాలు. ఖాజా తలుపు దగ్గరే నిలబడ్డాడు. రయీస్ రాలేదు. వినోద వెనక గోడకు ఆనుకుని ఉంది. ఆమె దొన్నెలు బల్ల మీద వరసగా పేర్చి ఉన్నాయి.

ఎస్‌ఐ మైకు తీసుకున్నాడు. మనిషి సన్నగా, నిద్రలేని కళ్లతో ఉన్నాడు. గొప్పలు పోయే రకం కాదు.

"పోయిన వారం మీరు చెప్పిన దాని మీదే పనిచేసినం. పై నుంచి వచ్చిన ఆర్డర్ కాదిది, మీ ఆర్డర్. మీ మాట వినలేదని రేపు ఎవరూ అనొద్దు."

చప్పట్లు పడ్డాయి. ఎస్‌ఐ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. గోడ మీది తెల్లటి తెర మీద ఫోటో పడింది. ఖాకీ కాగితంలో చుట్టిన పొట్లం, దాని నడుముకు మెరూన్ పోగు, మధ్యలో ముడి. తెర మీద ఆ ముడి పిడికిలంత కనబడుతోంది.

హాలు నిశ్శబ్దమైపోయింది.

గంజాయి చూసి జనం బిత్తరపోయారని ఎస్‌ఐ అనుకున్నాడు. కానీ ఆ హాల్లో ఉన్నవాళ్లు గంజాయిని చూడడం లేదు. అందరూ ఆ ముడినే చూస్తున్నారు. తెగిన పోగు కలపడానికి నేతగాళ్లు వేసే ముడి అది. కొసలు కొరికేసి, నొక్కితే చేతికి తగలనంత సన్నగా. మగ్గమెక్కని మనిషికి ఈ జన్మలో రాదు. ఆ రంగు ఇప్పుడు ఏ మగ్గం మీద నడుస్తోందో కూడా అందరికీ తెలుసు. ముసలివాళ్ల దగ్గర్నుంచి పెళ్లి కావాల్సిన ఆడపిల్లల దాకా ప్రతి ఒక్కరికీ అర్థమైపోయింది. ఒక్కరూ కదలలేదు. యాకమ్మ చెయ్యి మెల్లగా వచ్చి ఫాతిమా మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"ఈ దారం చూడండి" ఎస్‌ఐ చెప్పుకుపోతున్నాడు. "ఆయన ఇంట్ల విస్తర్ల కట్టలన్నిటికీ ఇదే దారం. ఇంకో సాక్ష్యం అవసరం లేదనుకుంటున్న. ఫాతిమమ్మ గారూ, ఇట్ల రండి."

ఫాతిమా లేచింది. యాకమ్మ చెయ్యి వదలడానికి ఒక క్షణం పట్టింది.

శాలువా కప్పారు. జరీ అంచు మెడకు గుచ్చుకుంది. ఫోటోలు తీశారు. ఎస్‌ఐ మైకు ఆమె చేతికిచ్చి, "రెండు మాటలు చెప్పండమ్మా" అన్నాడు.

"సార్..." గొంతు తనది కానట్టు స్పీకర్లోంచి వచ్చింది. "హరికృష్ణ మంచి పిలగాడు సార్. మా ఇంట్ల ఉంటాండు. నాకెర్క."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఎస్‌ఐ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"కావొచ్చమ్మా. నేనింకా కోర్టుకు పంపలేదు. అది ఆయనది కాదని మీరెట్ల అనుకుంటున్నరు? ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. ఎట్ల అన్నది చెప్పండి చాలు."

జవాబు తెర మీదే ఉంది. ఆ ముడి ఆయనకు రాదు. నాలుగే మాటలు. కానీ ఆ నాలుగు మాటల తర్వాత, మరి ఎవరికి వస్తది అన్న ప్రశ్న ఉంది. ఫాతిమా హాలు వైపు చూసింది. సారంగపాణి తన అరచేతులు చూసుకుంటున్నాడు. ఎల్లస్వామి కళ్లు మూసుకున్నాడు. తలుపు దగ్గర ఖాజా ఆమెనే చూస్తూ, పనికిరాని భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వెనక గోడ దగ్గర వినోద రెండు చేతులూ జోడించి ఉంది.

పళ్లతో కొసలు కొరికే కొడుకు మొహం ఫాతిమా కళ్ల ముందు కదిలింది.

"సరే, అది కష్టమైతె ఇది చెప్పండి" అన్నాడు ఎస్‌ఐ. "ఈ దారం ఎక్కడిది?"

"మాదే సార్" అంది ఫాతిమా. అబద్ధం చెప్పకుండా బయటపడే దారి దొరికిందనుకుంది పిచ్చిది. "కోసిన ముక్కలు మిగుల్తయ్ సార్. వినోదకు నేనే ఇస్త. కట్టలు కట్టుకునేటందుకు."

ఎస్‌ఐ తల ఊపాడు. "థ్యాంక్స్ అమ్మా. దారం వాళ్లకెట్ల వచ్చిందన్న డౌట్ ఒక్కటే ఉండె నాకు. అది కూడ మీరే తీర్చిన్రు."

ఫాతిమా చేతిలోంచి మైకు ఎవరు తీసుకున్నారో ఆమెకు తెలియదు.

"ఇంకెవరన్న చెప్పాలంటె చెయ్యెత్తండి" అన్నాడు ఎస్‌ఐ హాలును ఉద్దేశించి. పోయిన వారం ఒక్క పిలుపుకు లేచిన చేతులు ఇవే. ఇవాళ ఒడుల్లోంచి లేవలేదు. వెనక గోడ దగ్గర ఒకే ఒక్క చెయ్యి లేచింది.

"నువ్వు ఆయన భార్యవమ్మా" అన్నాడు ఎస్‌ఐ. జాలిగానే అన్నాడు. "ఒక్క నీ మాటే సాక్ష్యానికి సరిపోదు."

వినోద చెయ్యి మెల్లగా దిగింది. దొన్నెల్లో మిర్చి బజ్జీలు పంచారు. అందరూ తిన్నారు.

*

ఇంటికి వచ్చే దారిలో యాకమ్మ అడుగులో అడుగు వేస్తూ వచ్చింది.

"మంచిగ గట్టెక్కించినవ్ చెల్లె. ఎవలింటి పేరూ రాలే."

"అక్కా, నీ బిడ్డ పెండ్లిల ఎవల విస్తర్లల్ల తిన్నం మనం?"

ఆ పెళ్లికి ఆకు తక్కువ పడితే హరికృష్ణ రాత్రికి రాత్రి ములుగు పోయి తెచ్చిన సంగతి ఇద్దరికీ గుర్తుంది. యాకమ్మ తన సందు వైపు తిరిగిపోయింది. ఆమె ఇంటి తలుపు వేసుకున్న చప్పుడు ఫాతిమా దాకా వినిపించింది.

ఇంట్లో ఖాజా లేడు. టీ కొట్టు దగ్గర ఆగిపోయి ఉంటాడు. రేకుల గదిలో మగ్గం నడుస్తోంది. మీటింగ్ అయిందో లేదో సారంగపాణి వచ్చి కూర్చున్నట్టున్నాడు. నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడు ఎప్పటిలాగే ఉంది. అలా ఎప్పటిలాగే ఉండడం భరించలేక ఫాతిమా వాకిట్లోనే నిలబడిపోయింది.

మెట్ల మీద వినోద కూర్చుని ఉంది.

"రాండ్రి అమ్మా" అంది లేచి. ఏడవడం లేదు. "అందర్ల మీరొక్కలే మంచోడన్నరు. అది నేను మర్చిపోను."

"బిడ్డా, నేను..."

"అమ్మా, ఆ ఫోటోల ముడి చూసిన్రా?"

ఫాతిమా శాలువా కొస గట్టిగా పట్టుకుంది.

"నేను మంచిగ చూసిన. మా ఆయనకు ఆ ముడి రాదు. నాకూ రాదు. మేము జారుముడే ఏస్తం, కట్ట ఇప్పేటోళ్లకు తిప్పలు కావద్దని." వినోద పిడికిలి విప్పింది. అరచేతిలో రెండు మెరూన్ పోగుముక్కలు ఉన్నాయి. "ఇంటికొచ్చినకాన్నుంచి ఏస్తాన. రావట్లే. మీరు ఒక్కసారి నిమ్మలంగ ఏసి చూపియ్యున్రి. రేపు కోర్టుల వకీలుకు చెప్త. ఈ ముడి మాకు రాదు, వచ్చేటోళ్లు వేరే ఉన్నరని చెప్త."

రెండు పోగుల్నీ ఫాతిమా చేతిలో పెట్టింది. ఫాతిమా వేళ్లు వాటంతట అవే కొసలు వెతుక్కున్నాయి. పెళ్లై ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి రోజుకెన్నిసార్లు వేసిందో ఆ ముడి! చీకట్లో వేయగలదు. నిద్రలో వేయగలదు. బొటనవేలు చుట్టూ పోగు తిరగబోతుండగా చెయ్యి బిగబట్టింది. పోగులు తిరిగి వినోద అరచేతిలో పెట్టేసింది.

"నాకు రాదు బిడ్డా" అంది.

వినోద ఆమె మొహంలోకి చూసింది. భుజం మీది శాలువా వైపు చూసింది. మళ్లీ మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ కళ్లలో. ఇంతసేపూ ఉన్న వేడుకోలు మాత్రం ఇప్పుడు లేదు.

"సరే అమ్మా" అంది. "రయీస్‌నడుగుత. మగ్గం మీదనే ఉన్నడు కద."

"వినోదా, ఆగు..."

వినోద ఆగలేదు. రెండు పోగులూ వేళ్ల మధ్య పట్టుకుని వాకిలి దాటి, ఇంటి పక్క నుంచి వెనక్కి నడిచింది. రేకుల గది తలుపు తోసిన చప్పుడైంది.

మగ్గం ఆగిపోయింది.